అరువది గడియలలో ఇంటి వాటా

(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాసము యొక్క పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. గోడలు, బీరువాలు, పుస్తకములు దానికి శరీరము మాత్రమే. చదువరి తన దినములో నుండి తీసి యిచ్చు కొద్దిపాటి తీరికయే దానికి ప్రాణము. గ్రంథాలయమునకు ఏల రాలేదని ఎవరినడిగినను నేడు వినవచ్చు సమాధానమొక్కటే: "తీరిక లేదు." ఈ మాట గ్రంథాలయమునకు మాత్రమే చెప్పబడుచున్నచో అంతగా చింతింప పనిలేదు. పుస్తకము కోపగించదు, బీరువాలో వేచియుండును. కాని యిదే మాట ఇంటిలో బిడ్డకును, భార్యకును, వృద్ధులైన తలిదండ్రులకును చెప్పబడుచున్నది. వారు వేచియుండజాలరు. బిడ్డ పెరిగి వెళ్లిపోవును. వృద్ధులు గతింతురు. అందుచేత పలు పనుల నడుమ కుటుంబమునకు కాలమెట్లు మిగుల్చుకొనవలెనను ప్రశ్న ఈ శుభసమయమున విచారింపదగియున్నది.

పెద్దలు ఒక పగలును రాత్రియు కలిపి అరువది గడియలుగా లెక్కించిరి. గడియకు 24 నిమిషములు. జమీందారుకైనను, కూలివానికైనను అరువదియే. ధనమును వడ్డీకిచ్చి పెంచవచ్చును. పొలమునకు ఎరువు వేసి పంట పెంచవచ్చును. కాలమును పెంచుటకు వీలులేదు. పంచుటకు మాత్రమే వీలున్నది. కావున "తీరిక లేదు" అనుమాటకు నిజమైన అర్థము, ఇంటికి చెందవలసిన వాటా మరియొక చోటికి పోయినదనుటయే. అది ఎచటికి పోయినదో లెక్క చూచుకొనుట గృహస్థుని మొదటి పని.

పూర్వము తెలుగు పల్లెలలో ఈ వాటాను ఋతువులే పంచిపెట్టెడివి. ఏరువాక మొదలు కుప్పనూర్పుల వరకు మెడలు వంచి పనిచేయుదురు. ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట సంక్రాంతి వచ్చును. ఆడపడుచులు అల్లుండ్రతో పుట్టింటికి చేరుదురు. కార్తికమాసమున వనభోజనములకు ఊరంతయు తోటలలో చేరెడిది. పండుగ యనగా పిండివంట మాత్రమే కాదు. పని ఆపి ఒకరి ముఖమొకరు చూచుకొనుటకు సంఘమిచ్చిన సెలవు. దినదినమును గూడ అట్లే గడచెడిది. దీపములు పెట్టువేళకు ఎడ్లు ఇల్లు చేరెడివి. ఎడ్లతోపాటు మనుష్యులును చేరెడివారు. పిదప అరుగుమీద తాతయ్య చెప్పు కథయే పిల్లలకు రాత్రి బడి.

ఇట్లనుటచే ఆ కాలమంతయు స్వర్ణయుగమని భావింపరాదు. అరుగు గలవాని ఇంటనే కథ నడచెడిది. ఆ యింట పాలేరుగానున్నవానికి తన బిడ్డ ముఖము వెలుగులో చూచు అదృష్టము తక్కువ. కోడి కూయకముందు పశువుల చావడికి వచ్చి, బిడ్డలు నిద్రించిన తరువాత తన గుడిసెకు పోయెడివాడు. అరుగుమీద కథ సాగుచుండగా లోపల గిన్నెలు తోముచున్న కోడలికి ఆ కథ వినవచ్చెడిది కాదు. తీరిక అనునది ఎన్నడును అందరికి సమముగా పంచబడలేదు. ఇది మరచి గతమును పొగడుట వలన ప్రయోజనము లేదు.

యంత్రశాలలు వచ్చిన తరువాత సూర్యునికి బదులు గంట పనివేళను శాసింపసాగెను. బొంబాయి నూలుమిల్లులలో కార్మికులు తెల్లవారుజాము మొదలు చీకటిపడు వరకు పనిచేసెడివారు. వారమునకొక సెలవుదినమైనను నిశ్చయముగా ఉండెడిది కాదు. నారాయణ మేఘాజీ లోఖండే యను మహనీయుడు 1884లో మిల్లు కార్మికుల సంఘమును స్థాపించి, వారమునకొక దినము విశ్రాంతి కావలెనని ఏండ్ల తరబడి ఆందోళన సాగించెను. తుదకు 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవునకు సమ్మతించిరి. నేడు ఆదివారము ఉదయము ఆలస్యముగా లేచి, బిడ్డలతో కూర్చుండి ఫలహారము చేయు ఉద్యోగికి ఆ సెలవు ఆకాశము నుండి ఊడిపడలేదని తెలియవలెను.

శాసనములును మెల్లమెల్లగనే వచ్చినవి. 1881 నాటి కర్మాగారముల చట్టము ఏడేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదని మాత్రము చెప్పి, పెద్దలను గూర్చి మౌనము వహించినది. 1891లో స్త్రీలకు దినమునకు 11 గంటల పరిమితి వచ్చినది. 1911లో నేతమిల్లులలోని పురుషులకు 12 గంటల హద్దు ఏర్పడినది. 1922లో వారమునకు 60 గంటలు, 1934లో 54 గంటలు, 1946లో 48 గంటలు అని క్రమముగా తగ్గినది. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరము, 1948లో వచ్చిన చట్టము వారమునకు 48 గంటలు, దినమునకు 9 గంటలు మించరాదనియు, వారమునకొక సెలవుండవలెననియు నిర్ణయించినది. అనగా ఒక తండ్రి సంధ్యవేళ ఇల్లు చేరుటకు దాదాపు డెబ్బదియేండ్ల పోరాటము అవసరమయ్యెను. ఇంటికి తీరిక యిమ్మని గృహస్థునికి నీతి బోధించుటకు ముందు, అతనికి ఆ తీరికనిచ్చు న్యాయము బయట ఉన్నదో లేదో చూడవలెను. రెండుపూటల కూలి చేసినగాని పొయ్యి రాజని యింట, బిడ్డతో ఆడుకొనుమని చెప్పు హితవు పరిహాసము వలె వినిపించును.

ఇంత పోరాడి సంపాదించుకొన్న గంటలు నేడేమైనవి? కొందరికి అవి మరల చేజారినవి. నగరములలో కంప్యూటరు ముందు కూర్చుండు యువకుడు అమెరికాలో పగలైనప్పుడు ఇచట రాత్రి మేల్కొనవలెను. ఆటో నడుపువాడును, ఇంటింటికి సరకులు చేరవేయువాడును ఎన్ని గంటలు తిరిగిన అంత కూలి యని తిరుగుచునే యుందురు. అంగడి నడుపువానికి ఆదివారమే బేరము హెచ్చు. మరికొందరికి గంటలు మిగిలియున్నను అవి ఇంటికి చేరుట లేదు. తండ్రి ఇంటనే యుండును. అతని కన్నులు చేతిలోని ఫోనుమీద నుండును. తల్లి వంటయింటనుండును, కుమారుడు మరియొక గదిలో మరియొక ఫోను చూచుచుండును. ఒకే కప్పు క్రింద నలుగురు నాలుగు ఊళ్లలో ఉన్నట్లుందురు. పూర్వము మనిషి పొలము నుండి ఇల్లు చేరినచో పని పొలముననే నిలిచిపోయెడిది. నేడు పని మనిషి జేబులో కూర్చుండి ఇంటిలోనికి, పడకగదిలోనికి గూడ వచ్చుచున్నది.

ఇక ఇంటిలోపలి లెక్క చూడవలెను. భారత ప్రభుత్వపు గణాంక శాఖవారు 2019లో దేశమంతట ప్రజలు తమ కాలమును ఎట్లు వినియోగించుచున్నారో విచారించిరి. ఆరేండ్లు, అంతకు పైబడినవారిలో జీతము లేని ఇంటిపని చేయుచున్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు ఆ పనికి వెచ్చించుచున్నారనియు, అట్టి పని చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నారనియు తేలినది. ఇది పనిచేసినవారి సగటు మాత్రమే. నూర్గురు స్త్రీలలో ఎనుబదిమందికి పైగా ఇంటిపని చేయగా, నూర్గురు పురుషులలో ఆ పని ముట్టినవారు ఇరువదియారుగురు మాత్రమే. అయిదేండ్ల పిదప, 2024లో జరిగిన విచారణలో ఈ అంకెలు 289, 88 నిమిషములుగా వచ్చినవి. రెండును కొంచెము తగ్గినవి గాని అంతరము తగ్గలేదు. గడియలలో చెప్పవలెనన్నచో స్త్రీకి పన్నెండు గడియలు, పురుషునికి నాలుగు గడియలకు లోపు.

ఈ లెక్కలో ఒక గొప్ప సంగతి యిమిడియున్నది. "నాన్నగారు పొలము నుండి అలసి వచ్చినారు, విసిగింపకుడు" అని పిల్లలతో చెప్పు ఇల్లాలు తానును ఆ పొలముననే కలుపు తీసి వచ్చినది. అతడు కాళ్లు కడుగుకొని మంచముపై ఒరగగా, ఆమె రెండవ దినపు పని మొదలుపెట్టును. అట్టి తల్లి బిడ్డ దగ్గర లేకపోలేదు. రేయింబవళ్లు దగ్గరనే యున్నది. కాని బిడ్డ చెప్పు కబురు నిలుచుండి వినుటకు ఆమెకు చేతులు ఖాళీ లేవు. కనుక కుటుంబమునకు కాలమిచ్చుట యనగా పురుషుడు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనుట మాత్రమే కాదు. బిందెతో నీరు తెచ్చుట, కూర తరుగుట, పడకలు వేయుట మొదలైన పనులలో పాలుపంచుకొని ఇల్లాలికి ఒక గడియ ఖాళీ కల్పించుట గూడ. ఆ ఖాళీ గడియలోనే ఇల్లు ఇల్లగును. గిన్నెలు తోముటచే పౌరుషము తరుగదు. తోమనందున తరిగిపోవునది ఆమె ఆయువు.

ఇట్టి విషయములలో మహాపురుషులు సైతము తడబడిరి. గాంధీమహాత్ముడు జోహాన్నెస్‌బర్గులో న్యాయవాదిగా నున్న కాలమున ఇంటి నుండి కచేరికి నడచి వెళ్లెడివాడు. కుమారులను వెంటబెట్టుకొని, దారిపొడవున మాటలాడుచు వారికి పాఠములు చెప్పెడివాడు. పోకకును రాకకును కలిపి దాదాపు అయిదు మైళ్లు. ఎవరైనను పనిమీద కలిసినచో పాఠము ఆగిపోయెడిది. పెద్దకుమారుడు హరిలాలు అప్పుడు భారతదేశమున నుండి ఈ నడకలకు గూడ దూరమయ్యెను. తరువాతి కాలమున ఆత్మకథ వ్రాయుచు గాంధీజీ ఈ సంగతి దాచలేదు. దినమునకు ఒక గంట యైనను నియమము తప్పక బిడ్డల చదువునకు ఇచ్చియున్నచో వారికి ఆదర్శమైన విద్య నిచ్చినవాడనైయుందునని, అట్లు చేయలేకపోయినందులకు తనకును వారికిని విచారము మిగిలినదని ఒప్పుకొనెను. కోట్లాది ప్రజల హృదయములను కదలించిన మనుష్యునికి తన పెద్దకొడుకుతో సఖ్యము కడవరకు కుదరలేదు. దీనివలన ఆయన గొప్పతనము తరుగదు. ఆ ఒక్క గంట ఎంత విలువగలదో తెలియును. ఆయన కోరినది దినమంతయు కాదు. ఒక గంట. అనగా రెండున్నర గడియలు. దానికి ఆయన చేర్చిన షరతు నియమము తప్పకుండుట.

దూరముననున్న తండ్రి యేమి చేయగలడో జవహర్లాల్ నెహ్రూ చూపెను. 1928 వేసవిలో పదియేండ్ల కుమార్తె ఇందిర ముస్సోరీ కొండలమీద నుండగా, ఆయన క్రింద మైదానముననుండి ఆమెకు భూమి పుట్టుక మొదలుకొని ప్రాచీన చరిత్రను గూర్చి 30 లేఖలు వ్రాసెను. అవి 1929లో పుస్తకరూపమున వెలువడినవి. పిదప 1930 నుండి 1933 వరకు, ఎక్కువ భాగము చెరసాలలలో నుండి, ప్రపంచ చరిత్రను 196 లేఖలుగా వ్రాసెను. ఆ తండ్రికి తీరిక యిచ్చినది చెరసాల యని ఎవరైనను నవ్వవచ్చును. తీరిక దొరకినప్పుడు అతడు దానిని దేనికి వినియోగించెనన్నదే విచారింపదగిన విషయము.

ఈ దూరపు బాధ తెలుగు పల్లెలకు క్రొత్త కాదు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతముల నుండి పురుషులును, గోదావరి, కడప ప్రాంతముల నుండి ఎందరో స్త్రీలును గల్ఫు దేశములకు పనికై వెళ్లుచున్నారు. కువాయితులోని ఒక యింట పనిచేయు తల్లి రాత్రి పదిగంటలకు చేతులు తుడుచుకొని ఫోను పట్టునప్పటికి ఇచట అర్ధరాత్రి దాటి మరి అరగంటయైయుండును. బిడ్డ నిద్రించుచుండును. అమ్మమ్మ ఫోనును ఆ నిద్రించుచున్న ముఖము దగ్గర పెట్టును. తల్లి అచట చూచుచుండును. ఆమె పంపు సొమ్ముతో ఇంటికి పైకప్పు పడును, బిడ్డ బడిజీతము చెల్లును. ఆమె కుటుంబమునకు కాలమీయలేదని ఎవరనగలరు? తన కాలమునంతయు కుటుంబము కొరకే అమ్ముకొన్నది. అట్టి తల్లికి ఊరు చేయగలిగిన మేలొకటి కలదు. బిడ్డ చేత వారమునకొక ఉత్తరమైనను వ్రాయించుట, లేదా ఆమెకు సెలవు దొరకు గడియకు బిడ్డను మేలుకొలిపి కూర్చుండబెట్టుట. తల్లిచేత ప్రతిదినము డబ్బు మాటలే మాటలాడింపక, బడిలో నేర్చిన పద్యమొకటి ఆమెకు వినిపింపజేసినచో ఆ గడియ సార్థకమగును.

అమెరికా దేశమున 1970 దశాబ్దము నుండి "క్వాలిటీ టైం" అను మాట వాడుకలోనికి వచ్చినది. కొద్దికాలమైనను శ్రద్ధగా గడపినచో చాలునని దాని భావము. ఇందు సత్యము కొంత, మోసము కొంత కలదు. ధ్యాస లేని పది గంటలకన్న ధ్యాసతో కూడిన ఒక గంట మేలనుట సత్యము. అయితే బిడ్డ మనస్సు కచేరి కాదు; ఆదివారము అయిదు గంటలకు తెరువుమనగా తెరచుకొనదు. తనను ఎవరో బడిలో కొట్టిరని పిల్లవాడు చెప్పదలచినప్పుడు, అన్నము తినుచునో, సైకిలు వెనుక కూర్చుండియో, నిద్రకు ముందో, తనకు తోచినప్పుడు చెప్పును. ఆ సమయమునకు దగ్గర ఎవరైన ఉండవలెను. వృద్ధులును అంతే. మోకాలి నొప్పిని గూర్చి నాలుగుసార్లు చెప్పిన తరువాతగాని, లోపలి అసలు దిగులును అయిదవసారి చెప్పరు. కావున కొద్ది కాలము చాలుననుకొన్నను, ఆ కొద్దియు ప్రతిదినము ఉండవలెను.

1950లో బోసార్డు, బోల్ అను ఇరువురు అమెరికా సమాజశాస్త్రజ్ఞులు అనేకుల ఆత్మకథలు పరిశీలించి, కుటుంబములలో పదేపదే జరుగు చిన్న ఆచారములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. కలిసి భుజించుట, పడుకొనబోవు ముందు చదువుకొనుట, పండుగలు జరుపుకొనుట వంటివి కుటుంబమును కలిపియుంచునని వారి అభిప్రాయము. తెలుగువారికి ఇది వింతగా తోచదు. ఇంట చేయదగినవి ఏవియును ధనముతో కూడినవి కావు. రాత్రి భోజనము అందరును ఒకేసారి, ఒకే చోట కూర్చుండి చేయవచ్చును; వడ్డించు ఇల్లాలు గూడ ఆ పంక్తిలో కూర్చుండవలెను. ఆ వేళ ఫోనులన్నియు గూటిలో పెట్టవచ్చును. పొలమునకు పోవునప్పుడు పిల్లవానినో పిల్లనో వెంట తీసికొనిపోయి, ఇది ఏ పురుగు, ఇది ఏ కలుపు అని చూపవచ్చును. గాంధీజీ నడకపాఠము వంటిదే యిదియును. ఆ సమయమున మార్కుల మాట ఎత్తకుండుట మంచిది. పరీక్షను గూర్చి మాత్రమే మాటలాడు తండ్రిని చూచి పిల్లవాడు మరియొక ఉపాధ్యాయుడు వచ్చెననుకొనును. వృద్ధుల మంచము దగ్గర దినమునకొక్క గడియ ఏ పనియు లేక కూర్చుండవచ్చును. మందు ఇచ్చి వెళ్లుట సేవ. కూర్చుండుట సేవయు, స్నేహమును.

ఇందు గ్రంథాలయమునకు గల పాత్ర చిన్నది కాదు. తెలుగునాట గ్రంథాలయోద్యమము మొదటినుండియు ఇంటిని వెదకికొని వెళ్లినదే. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి పెద్దలు 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినప్పుడు, పుస్తకము పట్టణపు మేడలలో కాక పల్లె గడపలకు చేరవలెనని సంకల్పించిరి. పాతూరి నాగభూషణము గారి పూనికతో 1935లో గుంటూరు జిల్లా పెదపాలెమున పడవ గ్రంథాలయము ఆరంభమై, పుస్తకములు కాలువమీద ఊరూరికి ప్రయాణము చేసినవి. చదువరికి రాతీరిక లేకున్నచో పుస్తకమే అతనివద్దకు పోవుగాక యని వారి భావము. ఆ భావము నేటికిని పనికివచ్చును. సభ్యుడు పుస్తకము తీసికొనునప్పుడు తనకొకటి, ఇంటికొకటి తీసికొనవచ్చును. ఇంటికొరకు తెచ్చినది రాత్రి భోజనానంతరము ఒకరు బిగ్గరగా చదువగా తక్కినవారు వినవలెను. చదువు రాని నాయనమ్మకు మనుమరాలు చదివి వినిపించునప్పుడు ఆ యింట రెండు తరముల నడుమ దూరము తరుగును. చదువను బిడ్డకు గొంతు నిలుచును. స్త్రీలకు తీరిక దొరకు మధ్యాహ్నపువేళ గ్రంథాలయము తెరచియుంచుటయు, వారు చదువునంతసేపు చంటిపిల్లలు కూర్చుండుటకు ఒక చాప పరచుటయు కార్యవర్గము వారు ఆలోచింపదగిన విషయములు.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్ల క్రిందట బొమ్మల పుస్తకము కొరకు వచ్చిన పిల్లలు నేడు తలిదండ్రులైయుందురు. ఆనాడు చేయిపట్టుకొని తీసికొనివచ్చినవారిలో కొందరు నేడు లేరు. వారు ఎన్ని ఎకరములు మిగిల్చిరో పిల్లలు మరచిపోవచ్చును. తిరిగి వచ్చు దారిలో ఆ పుస్తకమును వీధిదీపము క్రింద నిలిపి ఒక పుట చదివి వినిపించిన సంగతి మరువరు. ఈ రజతోత్సవము జరుగుటకు కారణమైన తీరిక అట్టి సామాన్యులు ఇచ్చినదే.

నేటి రాత్రి సభ ముగిసిన పిమ్మట ప్రతి గృహస్థుడును ఇల్లు చేరి, తన దినములోని అరువది గడియల లెక్కను ఒకమారు వ్రాసి చూచుకొనుగాక. నిద్రకెంత, పనికెంత, వ్యర్థమైనదెంత, ఇంటివారికి చెందినదెంత అని నాలుగు పద్దులు చాలును. ఆ చివరి పద్దు ఖాళీగా ఉన్నచో రేపటినుండి అచట రెండున్నర గడియలు వ్రాయవలెను. ఇల్లాలి పద్దులో విశ్రాంతికి ఒక గడియ చేర్చవలెను. లెక్క తప్పినచో మరునాడు సరిదిద్దుకొనవచ్చును. బిడ్డ ఇంకను చిన్నవాడైయుండగనే, తలిదండ్రులు ఇంకను అరుగుమీద కూర్చుండియుండగనే ఆ లెక్క సరిపడుగాక.